విలాపమునకు బాణీ కట్టినవారు



విలాపవాక్యముల గ్రంథము తెరచి వచనములు లెక్కపెట్టండి. మొదటి అధ్యాయములో 22, రెండవదానిలో 22, మూడవదానిలో 66, నాలుగవదానిలో 22. హెబ్రీ అక్షరాలు 22. వచనాలు ఆ అక్షరాల వరుసను బట్టే మొదలవుతాయి. మూడవ అధ్యాయములో అక్షరానికి మూడేసి వచనాలు. మన తెలుగు అనువాదములో ఇది కనబడదు. పట్టణము కాలిపోయింది, పసిబిడ్డలు ఆకలితో వీధుల్లో సొమ్మసిల్లారు, అయినా ఆ కవి కూర్చొని అక్షరాలు వరుస పెట్టుకొన్నాడు. ఏడ్చేవాడికి ఇంత లెక్క ఎందుకు? ఒంటరి ఏడ్పు ఆ రాత్రితో ఆగిపోతుంది. కూర్చిన ఏడ్పును పదిమంది నేర్చుకొంటారు, పిల్లలకు నేర్పుతారు. ఐదవ అధ్యాయములోనూ వచనాలు 22 ఉన్నవి గాని అక్షర క్రమము లేదు. అక్కడికి వచ్చేసరికి కవికి ఓపిక చాలలేదేమోనని నాకనిపిస్తుంది.

ఈ పని బైబిలుతో ముగిసిపోలేదు. అమెరికాలోని నల్లజాతి ప్రజలలో పుట్టిన సంగీతమునకు జాజ్ అని పేరు. పొలములో పనిపాటలు, చర్చిలో బోధకుడు ఒక మాట అంటే సంఘము బదులు పలికే అలవాటు, ఇవి దాని వేళ్లలో ఉన్నవి. ముందు ఒక బాణీ కట్టుకొంటారు. వాయించేవాడు దాని చుట్టూ అప్పటికప్పుడు అల్లుకొంటూ పోతాడు, మన కచేరీలో విద్వాంసుడు రాగము అల్లినట్టు.

1963 సెప్టెంబరు 15 ఆదివారము. అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్‌లో, 16వ వీధి బాప్టిస్టు చర్చిలో, జాతిద్వేషులు పెట్టిన బాంబు పేలింది. ఆరాధనకు సిద్ధపడుతున్న నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏండ్లు, ఒకరికి 11. జాన్ కోల్ట్రేన్ అనే శాక్సఫోన్ విద్వాంసుని తాతలిద్దరూ పాదిరులే. ఆయన నవంబరు 18న ‘అలబామా’ అనే కూర్పును రికార్డు చేశాడు. సుమారు ఐదు నిమిషాలు. ఒక్క మాట లేదు. క్రింద పియానో గుడుగుడుమంటూ ఉంటే పైన శాక్సఫోన్ ప్రార్థించేవాని గొంతులా మెల్లగా సాగుతుంది. చివర డ్రమ్ము పెరిగి పెరిగి కోపమంతా తానే మోస్తుంది. వినండి, ఇంగ్లీషు రాకున్నా అర్థమవుతుంది.

అందరూ మాటలు మానుకోలేదు. చార్లెస్ మింగస్, నల్లజాతి పిల్లలను బడిలోకి రానీయని గవర్నరు ఫాబస్‌ను ఎగతాళి చేస్తూ ఒక జాజ్ పాట కట్టాడు. 1959లో పెద్ద రికార్డు కంపెనీ మాటలు లేకుండా సంగీతమే విడుదల చేసింది. మరుసటి ఏడు ఆయన వేరే కంపెనీలో మాటలతోనే రికార్డు చేశాడు.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకొంటున్నారా? 1985 జూలైలో కారంచేడులో మాదిగపల్లెవారు త్రాగే చెరువు నీళ్లలో అగ్రకులపు యువకుడొకడు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే, నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అనే స్త్రీ అడ్డు చెప్పింది. తనమీద చెయ్యి ఎత్తినవారి ఎదుట బిందె ఎత్తింది. ఆమె పేరు మరొకసారి చదవండి. మరునాడు, జూలై 17న, భూస్వాముల మూక పల్లె మీద పడింది. ఆరుగురు హతులయ్యారు. వారి పేర్లలో మోషే ఉన్నది, అబ్రహాము ఉన్నది. మిగిలినవారు చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్ల నాయకత్వములో దళిత మహాసభ ఆ ఏడే పుట్టింది.

పాట కూడ పుట్టింది. జన నాట్య మండలి గద్దర్ కట్టిన ‘దళిత పులులమ్మా’ ఊరూరా తిరిగింది. ఒకరు ఎత్తుకొంటే పదిమంది వంత పాడే పల్లె బాణీ అది. కోల్ట్రేన్‌ది చనిపోయినవారి కొరకు విలాపము. గద్దర్‌ది ఎదిరించి నిలబడినవారికి పొగడ్త. పోరు మార్గమును గూర్చి ఆయనతో నాకు ఏకాభిప్రాయము లేదు. కాని చర్చి ఆవరణలో కూర్చొన్న జనానికి మీరు పులులు అని ఎవరో చెప్పవలసి ఉండెను, చెప్పినవాడు సంఘము బయటివాడు.

ఈ పాటలు న్యాయస్థానముల కంటే ముందు వచ్చాయి. బర్మింగ్‌హామ్ దోషులలో మొదటివానికి 1977లో, చివరివానికి 2002లో శిక్ష పడింది. కారంచేడుపై సుప్రీం కోర్టు తీర్పు 2008లో వచ్చింది, 23 ఏండ్లకు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు; 2007లో ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవము విధిస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో క్రీస్తు శ్రమలకు, భూస్థాపనకు చక్కని కీర్తనలున్నవి. చుండూరు వంటి దినమున మీ సంఘములో ఏది ఎత్తుకొంటారు? మదురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో బోధించిన థియోఫిలస్ అప్పావు గారు ఆరాధన క్రమానికే పల్లె బాణీలు కట్టి పాడించారు.

మా పెద్దపంజాణి వైపు చావు ఇంటి ముందు పలక మోగుతుంది. పెట్టె చర్చి గేటు చేరగానే వాయించేవారు ఆగి, పలకలు గోడకు ఆనించి, బయట వేపచెట్టు క్రింద కూర్చొంటారు. వారిలో కొందరు మన సంఘస్థుల అన్నదమ్ములే.