టర్బో పోయిందా... ముందు ఆయిల్ గొట్టం చూడండి!

కారణం వెతక్కుండా కొత్తది బిగిస్తే అదీ పోతుంది
పాత డీజిల్ కార్ల యజమానులకు తెలియాల్సిన సంగతులు

మణవాళనగర్ (తిరువళ్లూరు): నిన్నమొన్నటి దాకా తిరుమల కొండను మూడో గేరులో ఎక్కిన బండి. ఇప్పుడు రెండో గేరులోనూ మూలుగుతోంది. వెనక నీలం పొగ. బానెట్ కింద అంబులెన్స్ దూరంగా వస్తున్నట్టు ఒక ఈల. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే ఆయన చెవి ఒగ్గి విని, గాలి గొట్టం విప్పి, వేలు పెట్టి చూసి ఒకటే మాట అంటాడు: 'టర్బో పోయింది'. బండి యజమానికి గుండె గుభేల్‌మంటుంది. ఎందుకంటే కొత్తది వేయిస్తే బిల్లు అయిదంకెల్లోకి వెళ్తుంది. పదిహేనేళ్ల బండిని అమ్మితే వచ్చేదాంట్లో అదే పెద్ద వాటా!

సరే, అప్పో సప్పో చేసి వేయించారే అనుకుందాం. నెల తిరక్కుండా అదే ఈల మళ్లీ వినిపిస్తే? ఇలా రెండోసారి పోగొట్టుకున్నవాళ్లు తిట్టేది టర్బో తయారుచేసిన కంపెనీని. అసలు దొంగ మాత్రం ఇంజిన్లోనే హాయిగా కూర్చుని ఉంటాడు. టర్బో తనంతట తాను అరిగి పోవడం తక్కువ. ఎక్కువసార్లు దాన్ని ఇంకేదో చంపుతుంది.

మన ఊరికి పాత చుట్టరికమే

తిరువళ్లూరు రైల్వే స్టేషన్‌కి ఇవతలి పక్కనున్న మణవాళనగర్‌కీ, చుట్టుపక్కల ఊళ్లకీ ఇంజిన్లు కొత్త కాదు. దగ్గరలోని అదిగత్తూరు వద్ద హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 1998లో మిత్సుబిషి లాన్సర్ తయారీ మొదలైంది. అందులో డీజిల్ రకానికి టర్బో లేదు. 2002లో వచ్చిన పజెరోకి మాత్రం 2.8 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్. తర్వాత 2012లో పజెరో స్పోర్ట్ వచ్చింది. 2013 నుంచి ఇసుజు బళ్లు కూడా కొన్నాళ్లు ఇక్కడే బిగించారు. 2016 ఏప్రిల్‌లో సరిహద్దు దాటి మన శ్రీసిటీలో ఇసుజు సొంత కర్మాగారం తెరుచుకున్నాక ఆ పని అటు వెళ్లిపోయింది. హిందుస్థాన్ మోటార్స్ చేతినుంచి 2014లోనే బిర్లాల మరో సంస్థకు మారిన ఈ కర్మాగారంలో తర్వాత ఫ్రెంచి కంపెనీ సిట్రోయెన్ కార్లు తయారవుతూ వచ్చాయి. 2021లో మార్కెట్లోకి వచ్చిన మొదటి సిట్రోయెన్‌ది కూడా టర్బో డీజిలే.

అయితే తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి వెళ్లే రోడ్డు మీద ఈ పేరున్న బళ్ల కంటే మామూలు బళ్లే ఎక్కువ. 2002లో వచ్చిన స్కార్పియో, 2005లో వచ్చిన ఇన్నోవా, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్... మూడింటికీ టర్బో ఉంది. అప్పట్లో కొన్నవి చేతులు మారి, రాష్ట్రాలు మారి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బోర్డు బండిగా పొట్టపోసేవీ ఉన్నాయి, ఇంటిల్లిపాదినీ అమావాస్యకు వీరరాఘవస్వామి గుడికి తెచ్చేవీ ఉన్నాయి. షెడ్లలో టర్బో గొడవ వచ్చేది ఎక్కువగా వీటితోనే.

నత్త గుల్లలో రెండు చక్రాలు

చూడ్డానికి రెండు నత్త గుల్లలను వీపులానించి అతికించినట్టు ఉంటుంది టర్బో. మధ్యలో చిటికెన వేలంత ఇరుసు. ఒక కొసన సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పొగ తిప్పే చక్రం. రెండో కొసన బయటి గాలిని పీల్చి ఇంజిన్లోకి తోసే చక్రం. పొగతో పాటు వృథాగా పోయే శక్తితోనే ఇంజిన్‌కి ఎక్కువ గాలి పెట్టడమన్న మాట. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. కార్లలో మామూలు కావడానికి చాలా కాలం పట్టింది.

కారు టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు సులువుగా దాటుతుంది. చిన్న కార్లలోనయితే రెండు లక్షల పైమాటే! అంత వేగానికి మామూలు బేరింగ్ ఏది నిలబడుతుంది? అందుకే చాలా టర్బోల్లో ఇరుసు ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. ఆయిల్ కొద్ది క్షణాలు అందకపోయినా, అందులో నలుసు ఉన్నా లోహం లోహాన్ని కోస్తుంది. ఇక అంతే మరి.

చంపేది ఎవరు?

ముందు అనుమానించాల్సింది ఆయిల్‌నే. పదివేల కిలోమీటర్లకు మార్చాల్సింది ఇరవై వేలకు మార్చే అలవాటు మనకుంది. ముదిరిన ఆయిల్ మసిబారి జిగురవుతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ పీల్చే చోట ఉండే జల్లెడ మూసుకుపోతుంది. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్ల కింది రాగి వాషర్లు లీకై, ఆ మసి కూడా ఆయిల్లో కలుస్తుంది. ఇంజిన్‌కి ఎలాగో సరిపోయిన ఆయిల్ దూరంగా, పైన, సన్నటి గొట్టం చివర ఉన్న టర్బోకి చాలదు. ఆ గొట్టమే వేడికి లోపల మసి కట్టి ముక్కులా మూసుకుపోవడం మరో గొడవ. బయటికి నిగనిగలాడుతుంది, లోపల దారి అగ్గిపుల్లంత కూడా ఉండదు. కడిగి వేస్తామంటే ఒప్పుకోకండి. టర్బో మారిస్తే ఆ గొట్టమూ కొత్తదే పడాలి.

రెండోది మన తొందర. తిరుమలకు పైకి వెళ్లే రెండో ఘాట్ రోడ్డు 1974లో తెరిచారు. నిండా జనంతో, సామానుతో ఆ మలుపులన్నీ ఎక్కేసరికి టర్బో పొగ చక్రం ఎర్రగా కాలి ఉంటుంది. పైకి చేరగానే దర్శనం క్యూ గుర్తొచ్చి తాళం తిప్పేస్తాం. ఇంజిన్ ఆగితే ఆయిల్ పారడం ఆగుతుంది, వేడి మాత్రం ఆగదు. లోపల మిగిలిన ఆయిల్ అక్కడికక్కడే పెనం మీద నూనెలా మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు బండిని అలాగే ఐడిలింగ్‌లో ఉంచి ఆపితే పోయేదేముంది? పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే యాక్సిలరేటర్ తొక్కడం కూడా ఇలాంటిదే. ఆయిల్ ఇంకా పైకి చేరకముందే ఇరుసును ఉరికించడం.

ఇక మూడోది చాలామంది పట్టించుకోనిది. టర్బోలోంచి ఆయిల్ కిందికి దిగే లావు గొట్టం ఉంటుంది. పంపు తోస్తే వచ్చిన ఆయిల్, తిరిగి వెళ్లేటప్పుడు తన బరువుకు తానే దిగాలి. ఆ గొట్టం నొక్కుకుపోయినా, మూసుకుపోయినా ఆయిల్ వెనక్కి తన్ని, గాలి చక్రం వైపో పొగ చక్రం వైపో కారుతుంది. ఇంజిన్ రింగులు అరిగి లోపల గాలి ఒత్తిడి పెరిగినా జరిగేది ఇదే. ఆయిల్ ఫిల్లర్ మూత తీస్తే పొగ బుస్సుమంటూ తన్నుకొస్తోందా? అయితే పని రావాల్సింది టర్బోకి కాదు, ఇంజిన్‌కి. అలాంటి బండికి ఎంత ఖరీదైన టర్బో పెట్టినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. నీలం పొగ చూడగానే టర్బో మీద నింద వేసే షెడ్లు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలామంది డబ్బు మిగులుతుంది.

చిరిగిన ఎయిర్ ఫిల్టర్ సంగతి వేరే చెప్పాలా... క్వారీ లారీల వెనక తిరిగే బళ్లకు దుమ్మే ఆకురాయి. గాలి చక్రం రెక్కల అంచులు అరిగి గుండ్రంగా కనిపిస్తే కారణం అదే.

పొగ రంగు ఏం చెబుతుంది?

నల్లపొగ, పికప్ లేకపోవడం రెండూ కలిసి వస్తే గాలి చాలడం లేదని అర్థం. టర్బోను విప్పే ముందు దాన్నుంచి ఇంజిన్ దాకా వెళ్లే రబ్బరు గొట్టాలను తడిమి చూడాలి. కింది వైపు చిన్న చీలిక ఉన్నా 'బుస్'మంటూ గాలి పోతుంది. ఒక క్లిప్పు బిగిస్తే అయ్యే పనికి టర్బో మార్చేసిన బళ్లు ఉన్నాయంటే నమ్మండి! రెక్కల కోణం మార్చుకునే రకం టర్బోల్లో మసి పట్టి రెక్కలు బిగుసుకుపోతాయి. వాటిని విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తాయి. వాటిని కదిపే వాక్యూమ్ గొట్టం చిల్లు పడినా లక్షణాలు అవే.

ఇంజిన్ చల్లబడ్డాక గాలి గొట్టం తీసి ఇరుసును వేళ్లతో పట్టి చూడొచ్చు. పక్కకు కొద్దిగా ఊగితే కంగారు పడక్కర్లేదు. ఆయిల్ పొర కోసం ఆ సందు ఉండాల్సిందే. ముందుకూ వెనక్కీ ఆడుతున్నట్టు చేతికి తెలుస్తున్నా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా మాత్రం దాని పని అయిపోయినట్టే.

రిపేరా... కొత్తదా?

ఇక్కడ దారులు మూడు. బేరింగులు, సీళ్ల కిట్ తెచ్చి రిపేరు చేయడం చవక. కానీ లక్ష చుట్లు తిరిగే ఇరుసును ఆ వేగానికి తగ్గ యంత్రం మీద బ్యాలెన్స్ చేయకుండా బిగిస్తే కిట్ డబ్బులు కూడా దండగే. 'మీ దగ్గర బ్యాలెన్సింగ్ మిషన్ ఉందా, రిపోర్టు ఇస్తారా' అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. రెండో దారి 'కోర్' మార్చడం. చక్రాలు, ఇరుసు, బేరింగులు కలిపి బ్యాలెన్స్ చేసిన మధ్య భాగం కొత్తది తెచ్చి, పాత గుల్లల్లోనే కూర్చోబెడతారు. గుల్లలకు పగుళ్లు, గీతలు లేకపోతే పాత బండికి ఇదే సరైన బేరం. మూడోది మొత్తం కొత్తది. గుల్ల పగిలితే వేరే మార్గం లేదు. చెన్నై పక్కన పయ్యనూరులో టర్బోలు తయారుచేసే టర్బో ఎనర్జీ కర్మాగారమే ఉంది. అంచేత ఈ ప్రాంతం వాళ్లు అసలు సరుకు కోసం బొంబాయి, ఢిల్లీ వైపు చూడాల్సిన పనిలేదు. పుదుపేటలో సెకండ్ హ్యాండ్ టర్బో దొరికిందని సంబరపడేవాళ్లు దాని మీది పార్ట్ నంబరును పాతదానితో సరిపోల్చుకోవాలి. పైకి కవలల్లా ఉన్నా లోపల చక్రం కొలత వేరు కావచ్చు.

బిగించే రోజు షెడ్డులోనే ఉండటం మంచిది. ఆయిల్, ఫిల్టరు కొత్తవి పడాలి. ఆయిల్ గొట్టం జాయింట్ల దగ్గర గాస్కెట్ గమ్ పూయనివ్వకండి. ఒక తునక ఊడి లోపలికి వెళ్తే కొత్త టర్బో గొంతు మూసుకుపోతుంది. గొట్టం తగిలించే ముందు టర్బో నోట్లో కాస్త ఆయిల్ పోసి ఇరుసును చేత్తో తిప్పాలి. ఇంజిన్ అంటుకోకుండా సెల్ఫ్ కొట్టి, ఆయిల్ పైకి వచ్చాకే స్టార్ట్ చేయాలి. ఇక ఇంటర్‌కూలర్. పాత టర్బో కక్కిన ఆయిలు, రెక్కల ముక్కలు అందులో నిలిచి ఉంటాయి. దాన్ని కడక్కపోతే ప్రాణం మీదికే రావచ్చు.

తాళం తీసినా ఆగకపోతే

ఎలాగంటే... డీజిల్ ఇంజిన్‌కి ఆయిల్ కూడా ఇంధనమే. టర్బోలోంచి కారిన ఆయిల్ గాలితో పాటు లోపలికి వెళ్తే ఇంజిన్ దాన్నే తాగి తనంతట తాను రేస్ అయిపోతుంది. తాళం తీసేసినా ఆగదు. తెల్లపొగ కమ్మేస్తుంది, ఇంజిన్ అరుపు పెరుగుతూనే ఉంటుంది. గేర్లున్న బండయితే, మీరింకా సీట్లోనే ఉంటే, గట్టిగా బ్రేకు తొక్కి పట్టి, పై గేరులో వేసి క్లచ్ వదిలి ఆపేయడం మార్గం. గాలి పీల్చే నోటిని గట్టి పలకతో మూసినా ఆగుతుంది. చెయ్యి, గుడ్డ మాత్రం పెట్టకూడదు, లాగేసుకుంటుంది. ఏదీ కుదరకపోతే దిగి దూరంగా జరగడమే. ఇంజిన్ పోతే పోనీండి.

పెద్దది వేద్దామా?

కుర్రాళ్ల కోరిక ఇది. టర్బో లేని పాత లాన్సర్ డీజిల్‌కో, ఇసుజు ఇంజిన్ అంబాసిడర్‌కో టర్బో తగిలిద్దామని, ఉన్న బండికి ఇంకా పెద్దది పెడదామని. టర్బో లేకుండా తయారైన డీజిల్ ఇంజిన్ గాలిని 22 వంతులు దాకా కుదించేలా ఉంటుంది. దానికి మరింత గాలి కూరితే పిస్టన్లు, హెడ్ గాస్కెట్ తట్టుకోవు. గాలి పెరిగినప్పుడు డీజిల్ పెంచే డయాఫ్రం పాత పంపులో ఉండదు. ఇంజిన్ కంపెనీది, టర్బో మరొకరిది, లెక్క ఎవరిదీ కాదు. పెద్ద టర్బో తక్కువ వేగంలో మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఊళ్లో బండి ఇంకా మొద్దుబారుతుంది. ఉన్నదాంట్లో బాగుచేసుకోవాలంటే గొట్టాలు, ఇంటర్‌కూలర్, ఇంజెక్టర్లు సరిచేయించడమే మేలు.

చట్టం కూడా ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. పదిహేనేళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఆర్టీవో తనిఖీ తప్పదు. అక్కడ నల్లపొగ కక్కే బండి నెగ్గదు.

చివరగా ఒక మాట. షెడ్డునుంచి బయల్దేరే ముందు విప్పిన పాత కోర్‌ను మీ చేతికి ఇమ్మని అడగండి. ఇరుసు నీలంగా కమిలి ఉంటే ఆయిల్ అందలేదని, గీతలు పడి ఉంటే ఆయిల్లో చెత్త ఉందని, రెక్క విరిగి ఉంటే ఏదో లోపలికి వెళ్లిందని తెలుస్తుంది. ఆ కారణాన్ని వెతికి సరిచేశారో లేదో బిల్లు కట్టేముందే అడగండి.