కుడివైపు సీటు

దేవనహళ్ళి అనగానే టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరనీ, చక్కోత, అంటే మన పంపరపనసకు పేరనీ చెప్పుకునేవారు. 2008 మే నెల నుంచి అందరికీ ముందు విమానాశ్రయమే గుర్తొస్తోంది. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. నేను విమానం నడపడం నేర్పే విద్య నేర్చుకుంటున్నాను.

200 గంటలు ఎగిరి కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాక, "పెద్ద కంపెనీలో చేరక ఈ పంతులమ్మ ఉద్యోగం ఏమిటమ్మా?" అన్నారు మావయ్య.

చిన్న విమానంలో నేర్చుకునేవారిది ఎడమ సీటు, నేర్పేవారిది కుడి సీటు. అక్కడ చేతులు తారుమారు. థ్రాటిల్ ఎడమచేతికొస్తుంది. ఎదురుగా ఉండే మీటర్లను పక్కచూపుతో చదవాలి. అది అలవాటవుతుంది. అసలు కష్టం వేరు. దిగేటప్పుడు శిష్యుడు తడబడితే ఎప్పుడు అందుకోవాలి? తొందరపడితే అతనికి విద్య రాదు, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం. "ఐ హావ్ కంట్రోల్" అనే మాట ఎప్పుడనాలో పుస్తకం చదివితే వచ్చేది కాదు. అందుకే మన దేశంలో ముందు అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టరుగా పెద్దల పర్యవేక్షణలో నేర్పాలి. పూర్తి రేటింగు ఆ తరువాతే.

పెద్ద కంపెనీ పైలట్లు కూడా ఇలాంటి గురువు పక్కన కూర్చుని మొదలుపెట్టినవారేనని మావయ్యకు చెప్పాను. పిల్లలకు సైకిలు నేర్పుతూ వెనక సీటు ఎప్పుడు వదలాలో తెలిసిన తల్లిదండ్రులకు ఈ విద్య కొత్తదేమీ కాదు.