పన్ను తీయించినా పోని నొప్పి

మేము హైదరాబాదు వెంగళరావు నగర్‌లో కాపురముంటున్నాము. ఒకసారి మా అత్తగారు కుడి దవడ పోటుతో ఊరినుండి మా ఇంటికి వచ్చారు. అప్పటికే అక్కడ రెండు పళ్లు తీయించుకున్నారు. లవంగనూనె, ఉప్పునీళ్లు, నొప్పి మాత్రలు అన్నీ అయ్యాయి. ముఖం కడిగినా, చల్లగాలి సోకినా, ముద్ద నమిలినా కరెంటు షాక్ కొట్టినట్టు పోటు వచ్చి, కొద్ది క్షణాల్లో పోయేది. ఆ భయంతో ఆమె అన్నం మానేశారు. "మూడో పన్నూ తీయించండమ్మా" అని బతిమాలారు.

ఇక్కడి దంతవైద్యుడు ఎక్స్‌రే తీసి, పళ్లు తట్టి చూసి, "పన్ను గట్టిగా ఉంది, నేను తీయను. నరాల డాక్టరుకు చూపించండి" అన్నారు. ఆ మాటే మాకు మేలు చేసింది.

ముఖానికి ఇరువైపులా ఒక్కొక్క పెద్ద నరం ఉంటుంది. దాని మూడు కొమ్మలు నుదుటికి, పై దవడకు, క్రింది దవడకు వెళ్తాయి. మెదడు దగ్గర రక్తనాళమేదైనా ఆ నరాన్ని ఒత్తితే, బాధ పుట్టేది అక్కడ, తెలిసేది పంటిలో! దీనినే ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. 50 ఏళ్లు దాటినవారిలో, అందులోనూ స్త్రీలలో ఎక్కువ. 2022లో తెలుగు 'గాడ్‌ఫాదర్'లో కనిపించిన హిందీ నటుడు సల్మాన్ ఖాన్ ఈ జబ్బుకే 2011లో అమెరికాలో ఆపరేషను చేయించుకున్నారు.

మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు. 1960ల నుండి వాడుతున్న కార్బమజెపైన్ చాలామందికి ఉపశమనమిస్తుంది. అయితే డాక్టరు చెప్పకుండా కొని వాడరాదు, రక్తపరీక్షలు అవసరం. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే చెప్పాలి.

ప్రతి దవడనొప్పీ ఇదే కాదు. సైనస్‌లో చీము పట్టినా పై పళ్లు సలుపుతాయి. నిద్రలో పళ్లు కొరికేవారికి దవడ కీలు నొస్తుంది. కంటికి కనబడని బీట వల్ల కూడా పన్ను నొస్తుంది. నడిచినా, మెట్లెక్కినా దవడ లాగుతూ చెమట, ఆయాసం వస్తే అది గుండెజబ్బు కావచ్చు; క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు నాలుగు సంగతులు కాగితంమీద వ్రాసుకోండి: నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఏమి చేస్తే వస్తోంది? మా అత్తగారి జబ్బును పట్టించినవి ఈ నాలుగు జవాబులే. ఓర్చుకోవడం మంచి గుణమే. కాని కారణం వెదకకుండా ఓర్చుకుంటే పళ్లు పోతాయి, నొప్పి మిగులుతుంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు ఆమె మాతో కూర్చుని, మిగిలిన పళ్లతోనే అరిసె కొరికి తిన్నారు.