బత్తాయి దొప్పలు

ఈ పూట నేను మీతో ముచ్చటింపదలచినది ఒక తీపివంటకమును గూర్చి. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొనినవానికి వంటయింటితో పనియేమని కొందఱనవచ్చును. పాకమును ఒక శాస్త్రమే. అందును సూత్రములు కలవు, సంధికార్యములు కలవు. ఏది దేనితో కలియును, ఏది కలియరాదు, కలియరాని రెండింటిని ఒకే పాత్రలో ఎట్లు నిలుపవలెను అనునదియే నేటి ప్రసంగమునకు సారము.

మన నల్లగొండ సీమకు బత్తాయి పేరు తెచ్చినది. గుఱ్ఱంపోడు, కనగల్లు మొదలగు ప్రాంతముల తోటలలో కాచిన కాయ లారీలకెక్కి హైదరాబాదునకును, ఢిల్లీ మున్నగు ఉత్తరదేశ నగరములకును పోవుచున్నది. నకిరేకల్లు నిమ్మకాయల అంగడికి ప్రసిద్ధి. ఇక పాలమూరు పేరులోనే పాలున్నవని చమత్కరించువారు కలరు. 2016లో పాత జిల్లాలు చీలి క్రొత్త జిల్లాలు ఏర్పడినను, తోటలును పాడియును ఎక్కడివక్కడనే యున్నవి. ఇన్ని యుండియు మన యిండ్లలో బత్తాయికి దక్కిన స్థానమేమి? ఎవరికైన జ్వరము వచ్చినపుడు దాని రసము తీయుదుము. ఆసుపత్రిలోనున్న బంధువును చూడబోవునపుడు సంచిలో అరడజను వేసికొని పోవుదుము. రోగి మంచము ప్రక్క దానికి పీట వేసితిమి. పండుగనాటి పంక్తిలో మాత్రము చోటీయలేదు. అందుచేత మన పిల్లవానికి బత్తాయి అనగా మందు. దాహమైనపుడు వాడు అంగడికి పోయి నారింజరంగు వేసిన చక్కెరనీళ్ళ సీసా కొనితెచ్చుకొనుచున్నాడు. తోట ఊరి ముంగిట ఉండగా రంగునీళ్ళకు రూకలు పోయుట నాకు మనసొప్పని విషయము.

బత్తాయిని రోగికిచ్చుట నిరర్థకమని నా భావము కాదు. 1747లో జేమ్సు లిండ్ అను ఆంగ్లేయుల నౌకావైద్యుడు, చిగుళ్ళు వాచి నెత్తురు కాఱు స్కర్వీవ్యాధికి లోనైన పన్నిద్దఱు నావికులను తీసికొని, ఇద్దఱిద్దఱికి ఒక్కొక్క విధమైన మందిచ్చి చూచెను. నారింజలును నిమ్మజాతి పండును తినిన యిద్దఱు అందఱికంటె త్వరగా కోలుకొనిరి. ఆ పండ్లలోని గుణద్రవ్యమునకు పిమ్మట సి విటమిను అని పేరు వచ్చినది. దానిని వేఱుచేసిన సెంట్ జార్జి అను హంగేరీ పండితునకు 1937లో నోబెలు బహుమానము లభించినది. నూఱు గ్రాముల బత్తాయిలో ఈ ద్రవ్యము రమారమి 50 మిల్లీగ్రాములుండును. అది నిప్పుసెగకును, గాలికిని నశించునది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. వంటలో దీనితో పని గలదు.

పేరును గూర్చి ఒక్కమాట. మన సంస్కృతములోని నారంగ శబ్దము పారసీకమున నారంగ్ అయి, అరబ్బులచేత నారంజ్ అయి, స్పెయిను దేశమున నరంజ అయి, తుదకు ఇంగ్లీషువారి ఆరెంజి అయినది. మోసంబి యనునది ఆఫ్రికాలోని మొజాంబికు పేరునుండి వచ్చినది. రాయలసీమవారు బత్తాయినే చీనీకాయ యందురు. తీపినారింజకు పుట్టినచోటు దక్షిణ చీనా ప్రాంతము గనుక ఆ పేరును సార్థకమే. ఇట్లు దేశదేశములు తిరిగిన పండు మన మెట్టనేలలో వేళ్ళూనినది గాని, మన వంటశాలలో వేళ్ళూనలేదు.

అందులకు రెండు కారణములు కలవు. మొదటిది పాలతో వైరము. మన తీపివంటలలో పెక్కు పాలతో చేయునవి. పాలలో పులుపు పడినంతనే విఱిగిపోవును. నిమ్మరసములో నూటికి రమారమి ఐదుపాళ్ళు పులుపుద్రవ్యముండగా బత్తాయిలో ఒక్క పాలైన ఉండదు. ఐనను కాగిన పాలు విఱుగుటకు ఆ కొంచెము చాలును. చరకసంహితయు పాలతో పుల్లని పండ్లను చేర్చుట విరుద్ధాహారమని చెప్పినది. రెండవది చేదు. బత్తాయిరసమును పిండి కొంతసేపు నిలువయుంచిన చేదెక్కును. కాచిన ఇంకను త్వరగా చేదెక్కును. తొనల పొరలలోను, గింజలలోను దాగిన పదార్థమొకటి రసములోని పులుపుతో కలసి మెల్లమెల్లగా చేదుగా మాఱుటయే దీనికి కారణము. కావున బత్తాయితో పాయసము పనికిరాదు, హల్వా పనికిరాదు.

పాలతో కలుపరాదు, పొయ్యిమీద పెట్టరాదు అనినపుడు మిగిలిన మార్గమేమి? పొరలుగా పేర్చుట. ఇంగ్లీషువారు గాజుపాత్రలో రొట్టె, పండు, గ్రుడ్డుపాల గుజ్జు, మీగడ వరుసగా పేర్చి ట్రైఫిల్ అను వంటకము చేయుదురు. మన హైదరాబాదు విందులలో ఉడికించిన ఎండు ఖుబానీపండ్లపై మీగడ వేసి చిన్నగిన్నెలలో ఇచ్చుట మీరెఱిగినదే. ఇవి చూచి, మన యింటిలో దొరకు పదార్థములతోనే నేను మా యింటివారిచేత చేయించి, బాగుగా కుదిరిన పిమ్మట దీనికి బత్తాయి దొప్పలని పేరు పెట్టితిని. ఇందు పాలకు బదులు పెరుగు, రొట్టెకు బదులు మన మలీద.

పెరుగునకు బత్తాయివలన భయము లేదు. పెరుగనగా మెల్లగా పులిసి ఒక్కకట్టుగా నిలిచిన పాలే గదా! ఒకసారి తోడుకొనినదానిని పండులోని పులుపు మఱల విఱుగగొట్టజాలదు. చరకుడు సైతము పెరుగును ఒంటరిగా తినక నెయ్యి, చక్కెర, పెసరకట్టు, తేనె, ఉసిరిక మొదలగువానిలో దేనితోనైన చేర్చి తినుమనెను. రాత్రివేళ తినవలదనెను. కావున ఇది పగటి విందునకు తగిన వంటకము.

ఇక చేయు విధము వినుడు. ఈ కొలతలు ఆఱు దొప్పలకు సరిపోవును.

మొదట పెరుగు. ముందునాటి రాత్రి లీటరు బఱ్ఱెపాలు కాచి తోడుపెట్టవలెను. బఱ్ఱెపాలలో వెన్న హెచ్చు గనుక పెరుగు గట్టిగా తోడుకొనును. తెల్లవాఱిన పిదప దానిని పలుచని శుభ్రమైన గుడ్డలో మూటగట్టి కొయ్యకు వ్రేలాడదీసి, క్రింద గిన్నె యుంచవలెను. ఐదాఱు గంటలలో నీరు జాఱి, నాలుగువందల గ్రాముల మేరకు గట్టిముద్ద మిగులును. ఎండకాలమున బయట నుంచిన మిక్కిలి పులియును. జల్లెడలో గుడ్డ పఱచి ఫ్రిజ్జులో పెట్టుట మేలు. జాఱిన నీటిని పాఱబోయక చారులో వాడుకొనవచ్చును. ఈ ముద్దలో నూఱు గ్రాముల చక్కెరపొడియు, నాలుగు ఏలకుల పొడియు, చిటికెడు ఉప్పును వేసి గరిటెతో నునుపుగా మెదుపవలెను. మహారాష్ట్రులు శ్రీఖండమనునది ఇదియే. సంస్కృత గ్రంథములలోని శిఖరిణి దీనికి జ్ఞాతి.

రెండవది మలీద. సద్దుల బతుకమ్మనాడు రొట్టెలు నలిపి బెల్లము, నెయ్యి కలిపి ముద్దలు చేయుట మన ఆడపడుచులకు నేర్పవలసిన పని కాదు. ఇందులకు రెండు సజ్జరొట్టెలు గాని గోధుమరొట్టెలు గాని చాలును. వానిని పొడిపొడిగా నలిపి, రెండు చెంచాల నెయ్యి వేసి, సన్నని సెగపై కరకరలాడువఱకు వేయించి దింపవలెను. చల్లాఱిన పిమ్మట అఱువది గ్రాముల బెల్లపుపొడి కలుపవలెను. నెయ్యి ముందు, బెల్లము తరువాత అను వరుస తప్పరాదు. నేతిపూత పట్టిన పొడిలోనికి తడి త్వరగా దిగదు.

మూడవది నిమ్మపాకము. ఏబది గ్రాముల చక్కెరను గరిటెడు నీటిలో కరగించి తీగపాకము వచ్చినంతనే దింపవలెను. గోరువెచ్చనైన పిదప ఒక నిమ్మకాయ రసము పిండవలెను. పొయ్యిమీద ఉండగా పిండిన నిమ్మలోని పరిమళము ఆవిరియైపోవును. పులుపు చేరిన పాకము పలుకు కట్టక జాలువాఱుచుండును.

నాలుగవది బత్తాయి. నాలుగు పండ్లు తీసికొని, తోటలో చల్లిన మందుల అంటు పోవునట్లు బాగుగా కడుగవలెను. పైతోలును తురుముపీటపై తేలికగా గీచి, అరచెంచాడు తురుము పాకములో కలుపవలెను. బత్తాయి సువాసన యంతయు ఆ పైతోలు నూనెలోనే కలదు. దాని క్రిందనున్న తెల్లని బెండు చేదు గనుక గీత అంతవఱకు పోరాదు. పిమ్మట తోలును, బెండును పూర్తిగా ఒలిచి, తొనలను విడదీసి, ఒక్కొక్క తొనమీది పొరను చించి, గింజలు తీసివేయవలెను. ఇది ఓపిక పని. ఇంటిలోని తాతయు మనుమడును ఎదురెదురుగా కూర్చుండి చేయదగినది. ఒలిచిన గుజ్జును జల్లెడలో పావుగంట యుంచిన అధికమైన రసము కాఱిపోవును. ఆ రసమును మనుమనికి అప్పుడే ఇచ్చివేయుడు, దాచినచో చేదెక్కును. తొనలమీద ముందుగా చక్కెర చల్లరాదు. ఊఱగాయముక్కలపై ఉప్పు చల్లిన ఊట వచ్చునట్లు, తొనలు నీరు విడిచి వాడిపోవును.

ఇప్పుడు పేర్చుట. అడుగున రెండు చెంచాల మలీద వేసి వ్రేళ్ళతో అదుమవలెను. దానిపై మూడు చెంచాల పెరుగుముద్ద వేసి, అంచులవఱకు మలీద కనబడకుండ సమముగా పఱవవలెను. దానిపై బత్తాయి తొనలు. అన్నిటికిని పైన చెంచాడు నిమ్మపాకము. ఈ క్రమము అలంకారమునకు పెట్టినది కాదు. తొనల రసము సహజముగా క్రిందికి దిగును. నడుమనున్న గట్టిపెరుగు దానిని ఆపి మలీదను కాపాడును. మలీద మీద నేరుగా పండు పెట్టినచో గడియలో సంకటివలె నగును. పండు పచ్చిదిగానే యుండుటచేత మొదట చెప్పిన సి విటమిను నిప్పుపాలు గాక మిగులును. పేర్చిన దొప్పలను అరగంట చల్లని చోట నుంచి, రెండు గంటలలోపల తినివేయవలెను.

పాత్ర విషయమున జాగ్రత్త వలయును. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు నిలిపిన చిలుము దిగి కడుపున వికారము, వాంతులు కలుగును. మన పెద్దలు ఇత్తడిగిన్నెలకు ఏటేట కళాయి పోయించుట ఇందులకే. గాజుగ్లాసులు, స్టీలుగిన్నెలు, లేదా మోదుగాకు దొప్పలు శ్రేష్ఠము. ఒక పెద్దపాత్రలో చేసి వడ్డించినచో గరిటె పడిన మఱుక్షణమే పొరలు చెడి అంతయు కలగలుపగును. ఎవరి దొప్ప వారికుండుటచే పొర నిలుచును, ఎంగిలి దోషము లేదు, పెద్దకు ఎక్కువ పిన్నకు తక్కువ యను తగవు లేదు.

మధుమేహము గలవారు దీనిని యథేచ్ఛగా తినదగదు. వారికి బెల్లము, పాకము విడిచి, పెరుగులో చక్కెర మానివేసి, తొనలు మాత్రము కొన్ని వేసి ఇచ్చినను రుచికి లోటుండదు. ఒక్కొక్కరి దొప్ప వేఱుగా నుండుటలోని మఱొక సౌకర్యమిది. పంక్తిలో కూర్చున్న రోగి తానొక్కడే వట్టి ఆకు ముందు కూర్చున్నట్లు బాధపడనక్కఱలేదు.

నల్లగొండ జిల్లా పెద్దలకు ఇంకొక మాట చెప్పవలెను. ఫ్లోరైడు నీళ్ళు త్రాగి త్రాగి దంతములు గారపట్టి, కీళ్ళు బిగిసినవారు మన ఊళ్ళలో ఎందఱో కలరు. నేడు కృష్ణాజలము గొట్టములలో ఊళ్ళకు వచ్చుచున్నను, ఆ పాత నీటి గుఱుతులు వారి ఎముకలలో నిలిచిపోయినవి. ఈ వంటకము ఆ వ్యాధికి మందని నేననను. అరిసెయు సకినమును కొఱుకలేక పండుగనాడు ప్రక్కకు జరిగి కూర్చుండు ముసలివానికి, నమలనక్కఱలేని తీపి ఒకటి దొరకుననియే చెప్పుచున్నాను. అట్టివారి దొప్పలో మలీదను వేయింపక, మెత్తగానే వేసి, ఒక గంట ముందుగా పేర్చి యుంచవలెను.

బత్తాయికి ఏట రెండు కాపులు. వానకాలము చివరనుండి ప్రధానమైన కాపు చేతికి వచ్చును. ఎండలు ముదురు వేళకు కత్తెర కాపు వచ్చును. మొదటిది బతుకమ్మ పండుగకు సరిగా అందును. అప్పటికే ప్రతి యింటను మలీద సిద్ధముగా నుండును. వ్యాపారి సన్నకాయయని ఏఱి పక్కకు నెట్టిన పండ్లు తోటలో ఎన్నియో మిగులును. కాయ చిన్నదైనంత మాత్రమున తొన తీపి తగ్గదు. ఆ కాయలనే ఇంటికి తెచ్చుకొనుడు. తోటగలవారు లేనివారికి నాలుగు పంపుడు. ఢిల్లీవారు తిని మెచ్చుకొను పండును మన పిల్లలు మందుగా గాక విందుగా ఎఱుగవలెనని నా కోరిక. ఈ యేటి సద్దులనాడు మీ మీ యిండ్ల ఆడవారితో ఈ మాట చెప్పి, తొనలు ఒలుచు పని మాత్రము మీరే పుచ్చుకొందురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.