ఊపిరితిత్తిలో తొనంత కోత
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



వంకాయ తరిగేటప్పుడు ఓ మూల పుచ్చు కనిపిస్తే ఏం చేస్తాం? పుచ్చు మేరకు, దాని చుట్టూ మరికాస్త కోసి పారేసి, మిగతాది కూరలో వేసుకుంటాం. ఊపిరితిత్తికి కాన్సరు వస్తే మాత్రం ఇలాంటి పొదుపు పనికిరాదని వైద్యులు చాలా ఏళ్లు అనుకున్నారు. అందుకు కారణం లేకపోలేదు.

మన కుడి ఊపిరితిత్తిలో మూడు, ఎడమ దానిలో రెండు పెద్ద భాగాలుంటాయి. వీటిని లోబులంటారు. ఒక్కో లోబులో మళ్లీ బత్తాయి తొనల్లాంటి చిన్న భాగాలు. ప్రతి తొనకీ గాలిగొట్టం వేరు, రక్తనాళం వేరు. అందుకనే నేర్పున్న సర్జన్ పక్కవాటిని చెడగొట్టకుండా ఒక్క తొనను తీయగలరు.

1933లో అమెరికాలోని సెయింట్ లూయీలో డాక్టర్ ఎవార్ట్స్ గ్రాహమ్ కాన్సరు సోకిన ఊపిరితిత్తిని మొత్తం తీసేసి రోగిని బ్రతికించారు. పోనుపోను ఒక లోబు తీస్తే చాలునని తేలింది. ఇంకా తగ్గిస్తే? 1995లో వెలువడిన పరిశోధనలో, చిన్న ముక్క తీసినవారికి అదేచోట కాన్సరు తిరగబెట్టడం సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. దాంతో లోబు తీయడమే పద్ధతి అయింది.

తర్వాత సి.టి. స్కానులు మెరుగుపడి గోరంత గడ్డలు కూడా కనబడసాగాయి. జపానులో 1,106 మందిపై జరిపిన పరిశోధన 2022లో వెలువడింది. రెండు సెంటీమీటర్లకు మించని గడ్డకు తొన తీసినవారిలో నూటికి 94 మంది, లోబు తీసినవారిలో 91 మంది ఐదేళ్ల తర్వాత బ్రతికి ఉన్నారు. ఆ చుట్టుపక్కల తిరగబెట్టడం మాత్రం తొన తీసినవారిలో నూటికి పదిమందికి, లోబు తీసినవారిలో ఐదుగురికి. 2023లో వెలువడిన అమెరికా పరిశోధన కూడా చిన్న కోత లోబు తీయడానికి తీసిపోదనే చెప్పింది.

అలాగని అందరికీ చిన్న కోతే చాలుననుకోకండి. గడ్డ చిన్నదై, ఊపిరితిత్తి అంచువైపు ఉండాలి. లింఫు గ్రంథులకు పాకి ఉండకూడదు. ఆపరేషన్ మధ్యలో గ్రంథులు పరీక్షించి, పాకిందని తేలితే లోబు తీసేస్తారు. "అంత తీస్తామని చెప్పలేదే!" అని అప్పుడు డాక్టరు మీద నిష్ఠురమాడి లాభం లేదు. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. తీసిన ఊపిరితిత్తి మళ్లీ పెరగదు కనుక వయసు మళ్లినవారికీ, ఆయాసం ఉన్నవారికీ మిగిలిన ప్రతి తొనా విలువైనదే.

ఈ సదుపాయమంతా జబ్బును తొందరగా పట్టుకున్నవారికే. చిక్కల్లా అక్కడే. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు నొప్పి ఉండదు, తరచు దగ్గూ ఉండదు. వేరే పనికి తీసిన స్కానులో బయటపడుతుంది. అలాంటి కాగితాన్ని బీరువాలో పెట్టి మరచిపోవద్దు. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తపు జీర ఉంటే, "పండగ పనులయ్యాక చూసుకుందాంలే" అనకండి. మన దేశంలో క్షయ అనుకుని మందులు మింగుతూ నెలలు పోగొట్టుకున్నవారు ఎందరో. కఫంలో క్షయ క్రిములు కనబడకపోయినా, మందులకు గుణం కనబడకపోయినా, "స్కాను తీయించాలా డాక్టరుగారూ?" అని అడగండి. మేము పొగతాగం కదా అని ధీమా పడకండి. పొగతాగని స్త్రీలకూ ఈ జబ్బు వస్తుంది.