ఆవరణలో మొక్కల లెక్క



హైదరాబాదులో 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ చూసినవారు ఎంత పచ్చగా వున్నదని మెచ్చుకుంటారు. అయితే కంటికి పచ్చగా వున్నంతమాత్రాన అక్కడ రకరకాల మొక్కలు వున్నట్టు కాదు. అటువంటి పెద్ద ఆవరణల్లో బాటల వెంట నాటే నిద్రగన్నేరు అమెరికా నుంచీ, తురాయి మడగాస్కరు నుంచీ వచ్చిన చెట్లు. ఆ నేల సంగతి తెలియాలంటే ఎవరూ నాటకుండా మొలిచినవాటిని చూడవలె. రాళ్ల సందులో సీతాఫలం, మడిచెక్కలో తుంగ, బాట అంచున ఉత్తరేణి, పల్లేరు, తుమ్మి.

వీటిని లెక్కించడం ఎట్లా? నాలుగు కర్రలతో మీటరు చదరపు చట్రం కట్టండి. తాడు లాగి, ఇరవై అడుగులకొకసారి చట్రం పరచి, లోపల ఏ మొక్క ఎన్ని వున్నవో రాసుకోండి. మంచి మొక్కలున్న చోటు ఏరి చట్రం పెట్టారో, లెక్క అబద్ధమవుతుంది! ఇక కొత్త పేర్లు తగలడం లేదనేదాకా సాగించవలె. చెట్లకు చట్రం చాలదు. పది మీటర్ల చదరం గీసి, నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత తీసుకుంటారు. తొలకరి తరువాత ఒకమారు, సంక్రాంతి ముందు ఒకమారు చేయండి. వానకు మొలిచినవి చాలామటుకు అప్పటికి ఎండిపోతాయి.

పేర్ల పట్టీ ఒక్కటే చాలదండీ. రెండు చోట్ల నూరేసి మొక్కలు, అయిదేసి రకాలు వున్నవనుకోండి. ఒకచోట రకానికి ఇరవై. రెండోచోట వయ్యారిభామ తొంభయ్యారు, తక్కినవి ఒక్కొక్కటి. పట్టీ రెంటికీ ఒకటే. కాని రెండోచోట పశువు మేసే గడ్డి వచ్చే ఏటికి మిగులుతుందా? 1955 ప్రాంతంలో పూణె దగ్గర కనిపించిన ఈ వయ్యారిభామ ఇప్పుడు దేశమంతటా వున్నది. మనిషికి దురద, ఉబ్బసం తెస్తుంది. తిన్న పశువు పాలు చేదెక్కుతాయి. పూతకు ముందే, చేతికి తొడుగు వేసుకుని పీకవలె.

కలుపని తీసేసేదాంట్లో ఏముందో కూడా చెప్పలేము. నివ్వరి అని పెద్దలు పిలిచే అడవి వరినే చూడండి. సుడిదోమ మోసుకొచ్చి వరిని గిడసబార్చే ఒక వైరస్ తెగులుకు విరుగుడు, వేల నమూనాలు పరీక్షిస్తే, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక్క నివ్వరి నమూనాలో దొరికింది. 1976లో విడుదలైన ఐఆర్ 36 రకానికి ఆ గుణం దానినుంచే వచ్చింది.

మీ గట్ల మీద, చెరువు కట్ట మీద కూడా ఇదే చట్రం పరచవచ్చు. కలుపుమందు కొట్టకముందే పరచండి. పేరు తెలియని మొక్కను పువ్వుతో, వేరుతో తీసి, వార్తాపత్రికల మధ్య బరువు కింద ఆరబెట్టండి. కాగితాలు రోజూ మార్చండి. పువ్వు రంగు ఎండితే పోతుంది గనుక అది ముందే రాయండి. తేదీ, ఊరు, నేల రకం, మీ ఊరివాళ్లు పిలిచే పేరు కూడా చేర్చి, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి ఇవ్వండి.