పువ్వు కాని పువ్వు

1870ల్లో జావా దీవికి వెళ్లిన ఆస్ట్రేలియా రచయిత జేమ్స్ హింగ్‌స్టన్‌కు అక్కడ ఒక వింత చూపించారు. ఈగ వాలగానే రేకులు ముడిచి పట్టేసే ఆర్కిడ్ పువ్వు! ఆ సంగతి తన యాత్రా గ్రంథంలోనూ రాశాడు. నిజానికి ఆయన చూసింది పువ్వు కాదు, పురుగే అయ్యుండాలి. మన పొలాల్లో దండం పెడుతున్నట్టు కూర్చునే గొల్లభామకు దూరపు చుట్టం, ఆర్కిడ్ గొల్లభామ.

శాస్త్రీయ నామం హైమెనోపస్ కొరొనేటస్. మలేసియా, ఇండొనేసియా, థాయిలాండ్ వానడవులు దీని నివాసం. పిల్ల పురుగును దగ్గరగా చూస్తే ఒళ్లంతా పాలతెలుపు, అక్కడక్కడ లేత గులాబీ జీర. నడిచే నాలుగు కాళ్ల తొడలూ వెడల్పుగా, పల్చగా, అచ్చం పూరేకుల్లా పరుచుకుని ఉంటాయి. పొట్టను పైకి ఎత్తి పెడుతుంది. వేటాడే ముళ్ల ముంగాళ్లు మాత్రం ఛాతీ కింద మడిచి, సిద్ధంగా ఉంటాయి. తెలుపు నుంచి గులాబీకి, గులాబీ నుంచి తెలుపుకు కొద్ది రోజుల్లో రంగు మార్చుకోగలదు.

ఆర్కిడ్ల మధ్య నక్కి వేటాడుతుందనే చాలాకాలం అనుకున్నారు. తీరా పోల్చి చూస్తే ఇది ఫలానా ఆర్కిడ్‌లా ఉందని చెప్పడానికి లేదు! ఈ చిక్కుముడిని ఆస్ట్రేలియా పరిశోధకులు విప్పారు. మలేసియాలో వారు చేసిన ప్రయోగాల ఫలితాలు 2014లో వెలువడ్డాయి. తేనెటీగ కంటికి దీని రంగు, అక్కడి అడవి పువ్వుల రంగు ఒకటే. అంతకన్నా ఆశ్చర్యం, ఆ ప్రాంతంలో విరివిగా పూసే ఒక పువ్వు దగ్గరికి వచ్చినవాటికంటే ఎక్కువ పురుగులు దీని దగ్గరికే వచ్చాయి. అంటే ఇది దాక్కోవడం లేదు, పిలుస్తోంది. పువ్వు చాటు దీనికి అక్కర్లేదు, తానే పువ్వు. దీన్ని మారువేషం అనడం కంటే ఎర అనడమే సరైనది.

ఎరలో వాసన కూడా ఉంది. పిల్ల పురుగులు ఆసియా తేనెటీగలను ఆకర్షించే రసాయనాలు వదులుతాయని జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. మన దగ్గర పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగదీ ఆ జాతే.

గుడ్డు నుంచి బయటపడ్డప్పుడు మాత్రం దీనికి ఈ అందం ఉండదు. నలుపు, ఎరుపు కలిసి చీమలా కనిపిస్తుంది. మొదటి కుబుసం విడిచాకే తెల్లబడుతుంది. ఎదిగిన ఆడది ఆరేడు సెంటీమీటర్లు, మగది అందులో సగం కూడా ఉండదు.

ఇక ఆ రేకుల కాళ్ల సంగతి. అవి కేవలం ఎర కోసమేనా? 2023లో వెలువడిన మరో పరిశోధన కాదంది. చెట్టు మీది నుంచి జారిపడితే పిల్ల పురుగు గాలిలో వెల్లకిలా తిరిగినా సర్దుకుని, ఆ కాళ్లను రెక్కల్లా పరిచి, తేలుతూ దూరంగా వెళ్లి వాలుతుంది.